తోట చూచివత్తము రండి – కడియపు మొక్కలతోటలు, మన నల్లరేగడి పల్లెలు

కార్తికమాసము వచ్చినదనిన మన పల్లెలలో వనభోజనముల మాట వినవచ్చును. ఉసిరిచెట్టు నీడను పులిహోర, దద్ధోజనము, గుమ్మడికాయ పులుసు వడ్డించుకొని, ఊరివారందరును ఒక్క పంక్తిని కూర్చుండి భుజించుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ దినమున తోట ఎవరిదని ఎవరును అడుగరు. తోటగల ఆసామి తడిక తీసి ఊరివారిని లోనికి పిలుచును. వచ్చినవారు కొమ్మ విరువక, విస్తళ్లను ఎరువుగుంటలో వేసి, చల్లగా మరలిపోవుదురు. సొంత తోటను పదిమందికి తెరచుట మనకు క్రొత్త సంగతి కాదు. పుణ్యము నిచ్చునని పెద్దలు చెప్పిన సప్తసంతానములలో చెరువు, దేవాలయము, కావ్యము వంటివానితోపాటు వనము కూడ ఒకటి. కన్నబిడ్డతో సమానముగ తోటను లెక్కించిన జాతి మనది.

అయినను గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మెట్ట గ్రామములలో నేడు తోట యను మాటకు అర్థమే మారిపోయినది. మన ప్రాంతమున తోట యనగా మిరపతోట. కాకున్న పొగాకుతోట. పుష్యమాసములో చిలకలూరిపేట నుండి పర్చూరు వైపునకో, ప్రత్తిపాడు వైపునకో పోయి చూడుడు. కనుచూపుమేర ఒకవైపు పగిలిన ప్రత్తి తెల్లగా, మరియొకవైపు కళ్లములలో ఆరబోసిన మిరపకాయ ఎఱ్ఱగా కానవచ్చును. చూడముచ్చటయైన దృశ్యమే. కాని ఆ పొలముల నడుమ మిట్టమధ్యాహ్నమున కాయ కోయు స్త్రీలు అన్నపుగిన్నె విప్పుకొనుటకు చెట్టు దొరకదు. ట్రాక్టరు తొట్టి క్రింది నీడనో, చీరకొంగు నెత్తిన కప్పుకొనియో తినుచుందురు. వనభోజనమునకు ఊరివారు బస్సెక్కి పొరుగూరి తోటను వెదకుకొనుచు పోవలసి వచ్చుచున్నది.

చెట్టు ఎందుకు పోయినది?

ఇందులకు రైతును నిందించుట తగదు. నల్లరేగడి విలువైన భూమి. ప్రతి సెంటునందును పైరు పెట్టవలెనని కౌలురైతు తలచుట సహజము. ఏటేటా కౌలు కట్టువాడు ఐదేండ్లకు గాని కాపునకు రాని చెట్టును ఏ ధైర్యమున నాటును? చెట్టు నీడను మిరప సరిగా కాయదు. వేళ్లు పైరు నీటిని పీల్చుకొనును. ట్రాక్టరు తిరుగుటకు అడ్డము. ఈ కారణములన్నియు నిజమే.

కాని రెండవ ప్రక్కను కూడ చూడవలెను. ఒక్క పైరునే నమ్ముకొన్న పల్లెకు ఆ పైరు చెడిననాడు వేరు దిక్కుండదు. 1980వ దశకములో తెల్లదోమ ప్రత్తిచేలను తుడిచిపెట్టినపుడు మన జిల్లాలు పడిన దుఃఖము పెద్దలు మరువలేదు. 2021-22 సంవత్సరములో నల్ల తామరపురుగు మిరపపూతను రాల్చివేసినపుడు ఎకరమునకు లక్షరూపాయలకు మించి పెట్టుబడి పెట్టిన రైతులు తోటలను పెఱికివేసికొనిరి. పది సపోటాచెట్లో, ఇరువది ఉసిరిచెట్లో ఉన్నంత మాత్రమున ఆ నష్టము తీరెడిది కాదు. అయినను ఇంటిలోనికి కొంత పండు, కొంత పైకము, పశువులకు నీడ, పక్షులకు నెలవు దక్కియుండెడివి. పురుగును తిను పక్షి నిలుచుటకు కొమ్మ లేనిచోట పురుగుమందు డబ్బాయే దిక్కగుచున్నది.

కావున చెట్టును మరల పల్లెకు తెచ్చుట యెట్లు? ఉపన్యాసములవలన అది కాదు. చేయుచున్నవారిని కన్నులార చూచుటవలన కొంత కావచ్చును. అందులకే ఈ యాత్ర.

కడియము ఎక్కడ నున్నది?

తూర్పుగోదావరి జిల్లాలో, రాజమహేంద్రవరమునకు పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున కడియము మండలము కలదు. కడియపులంక, బుఱ్ఱిలంక, వీరవరము, జేగురుపాడు, పొట్టిలంక, వేమగిరి మొదలగు గ్రామములలో వందలకొలది మొక్కల తోటలున్నవి. వీనిని అందరును నర్సరీలనియే పిలుచుచున్నారు. ఇవి ప్రభుత్వపు తోటలు కావు. రైతు కుటుంబములు తమ సొంత భూములయందును, కౌలు భూములయందును పెంచుకొన్న తోటలు. అయినను వీని వాకిళ్లు తెరచియే యుండును. కొనువాడును రావచ్చును, ఊరక చూడవచ్చినవాడును రావచ్చును. చెన్నై – కలకత్తా జాతీయ రహదారి ఈ తోటల ప్రక్కగానే పోవుచున్నందున బాటసారులు బండి నిలిపి, కాసేపు తిరిగి, పిల్లలకు పూలు చూపి పోవుట నిత్యము జరుగుచున్నది.

గుంటూరునుండి కడియపులంక సుమారు 190 కిలోమీటర్లు. ఒంగోలునుండి మూడువందలకు దగ్గర. విజయవాడ, ఏలూరు, తణుకు దాటి, సిద్ధాంతమువద్ద వసిష్ఠ గోదావరిని, జొన్నాడవద్ద గౌతమిని దాటిన పిమ్మట తోటలు మొదలగును. రైలున పోవువారు రాజమహేంద్రవరమున దిగవచ్చును. దాని తరువాత కడియము పేరనే చిన్న స్టేషను కూడ కలదు.

ఈ సీమకు ఈ వైభవము ఊరక రాలేదు. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టుట 1847లో మొదలై 1852 నాటికి పూర్తియైనది. ఆ ఆనకట్టనుండి తూర్పు డెల్టాకు పోవు కాలువల నీరు, నది తెచ్చి పరచిన ఒండ్రుమట్టి, సముద్రపుగాలి తేమ – ఈ మూడును కలిసిన చోటు కడియము. మొదట పూలతోటలు వేసి, పూలు అమ్ముకొని బ్రతికిన రైతులు క్రమముగ మొక్కలనే పెంచి అమ్ముట నేర్చిరి. పూవు సాయంకాలమునకు వాడును. మొక్క వాడదు, నాడునాటికి పెరుగును, విలువయు పెరుగును. ఈ చిన్న సూక్ష్మమును గ్రహించుటయే వారి భాగ్యమునకు మూలమైనది. శ్రీ సత్యనారాయణ నర్సరీని నెలకొల్పిన కీర్తిశేషులు పల్ల వెంకన్న వంటివారు కడియపు మొక్క పేరును రాష్ట్రము ఎల్లలు దాటించిరి. నేడు ఇచటినుండి లారీలు దేశములోని పలు రాష్ట్రములకు మొక్కలను చేరవేయుచున్నవి.

లోనికి పోయిన పిమ్మట ఏమి చూడవలెను?

క్రొత్తగా పోయినవారి కన్ను మొదట రంగులపై పడును. కాగితపుపూల తీగలు, క్రోటనులు, గులాబీలు, చామంతులు, గొడుగులవలెను ఏనుగులవలెను కత్తిరించిన పొదలు ముచ్చట గొల్పును. ఆంగ్ల సంవత్సరాదికి కొన్ని తోటలవారు వేలకొలది మొక్కలను అక్షరములుగ, బొమ్మలుగ పేర్చి ప్రజలకు శుభాకాంక్షలు చెప్పుట వాడుక. పిల్లలు తప్పక చూడదగినది. కాని రైతు అచ్చటనే ఆగిపోరాదు. తోట వెనుకభాగమునకు పోవలెను. అసలు పాఠశాల అచ్చట నున్నది.

అచ్చట చిన్న పీటలపై కూర్చుండి పనివారు అంట్లు కట్టుచుందురు. అంటు కట్టుట యేల? మామిడిటెంకను పాతిన మొలక కాపునకు వచ్చుటకు ఆరు నుండి ఎనిమిదేండ్లు పట్టును. పట్టినను తల్లిచెట్టు కాయవంటి కాయ కాయునను నమ్మకము లేదు. అదే మంచి చెట్టునుండి తీసిన కొమ్మను మొలకకు అతికించిన, నాలుగైదేండ్లలో ఆ తల్లి రుచియే చేతికి వచ్చును. వేరు ఒకరిది, కొమ్మ ఒకరిది. రెండును కలిసి ఒక్క చెట్టగును.

మామిడికి పూర్వము కుండీలోని మొలకను తల్లిచెట్టు కొమ్మప్రక్కనే నిలిపి, రెండింటి బెరడును చెక్కి, కలిపి కట్టి, రెండు మూడు నెలలు అతికిన పిదప కొమ్మను తల్లినుండి వేరుచేసెడివారు. ఇప్పుడు లేతకొమ్మను మొలక తలపై ఆపువలె చెక్కి దిగవేసి కట్టుట ఎక్కువైనది. పని వేగముగ సాగును. సపోటాను పాలచెట్టు మొలకపై కట్టుదురు. ఆ వేరు గట్టిది. రేగును అడవిరేగుపై కన్ను తీసి అతికింతురు. జామకు గాలి అంటు సులువైనది. పెన్సిలు లావున్న కొమ్మమీద అంగుళము మేర బెరడును ఉంగరమువలె తీసివేసి, తడి నాచు చుట్టి, పైన ప్లాస్టిక్కు కాగితము బిగించి కట్టిన వానకాలములో నాలుగు నుండి ఆరు వారములకు వేళ్లు దిగును. మల్లెకు తీగను వంచి నేలలో కప్పిన చాలును.

ఈ పనులు చూచి నేర్వదగినవే కాని పెద్ద యంత్రములు కోరునవి కావు. ఒక పదునైన కత్తి, ఓర్పుగల చేయి, శుభ్రత – ఇవే సాధనములు. కడియపు తోటలలో ఈ చేతిపని తెలిసిన స్త్రీలు, పురుషులు వేలమంది జీవించుచున్నారు. మన పల్లె యువతీయువకులలో ఇద్దరు దీనిని నేర్చిన, ఊరికి కావలసిన జామ, నిమ్మ, దానిమ్మ మొక్కలు ఊరిలోనే తయారగును.

పిమ్మట మట్టికుప్పలను చూడుడు. ఒండ్రు, ఎఱ్ఱమట్టి, చివికిన ఎరువు, కొబ్బరిపొట్టు పాళ్లు కలిపి సంచులు నింపుచుందురు. ఏ మొక్కకు ఏ పాలు అని అడుగుడు. పనివారు సంతోషముతో చెప్పుదురు. సంచి అడుగున రంధ్రము లెందుకని పిల్లలచేత అడిగించుడు. నీరు నిలిచిన వేరు ఊపిరాడక కుళ్లునను జవాబు వచ్చును. ఆ ఒక్క జవాబు మన నల్లరేగడి రైతునకు ఈ యాత్రలో లభించు గొప్ప ధనము. ఎందుకో ముందు చెప్పెదము.

చూడబోవువారి మర్యాదలు

ఇతర దేశములలో కూడ సొంత తోటలను ప్రజలకు తెరచు ఆచారము కలదు. ఇంగ్లండులో 1927లో ఇంటింటికి పోయి రోగులకు సేవచేయు నర్సుల సహాయనిధికై 609 సొంత తోటలను తెరచి, మనిషికి ఒక షిల్లింగు చొప్పున రుసుము పుచ్చుకొనిరి. ఆ యేడు ఎనిమిదివేల పౌండ్లకు మించి వసూలైనది. ఆ యేర్పాటు నేటికిని సాగుచున్నది. అది ఇంతకాలము నిలుచుటకు ఆసాముల ఔదార్య మొక్కటియే కారణము కాదు. చూడవచ్చినవారి మర్యాద కూడ కారణమే. పూవు త్రుంచు ప్రజలకు వాకిలి తెరచువాడు రెండవయేట తెరువడు.

కడియమునకు పోవువారు ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనవలెను. ఎండ ముదురకముందు, ఉదయముననే పోవలెను. జులై నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలము. గుంపుగా పోవునపుడు ముందుగా తోటవారికి తెలిపిన, వివరించి చూపుటకు మనిషిని ఇత్తురు. వరుసల నడుమ బాటనే నడువవలెను. అంటు కట్టిన కొమ్మను తాకిచూడరాదు. అతుకు కదలిన మొక్క చచ్చును. తినుబండారముల కాగితములు, నీళ్లసీసాలు తోటలో పారవేయరాదు. లారీలు ఎత్తు వేళ పనివారికి అడ్డుపడి ప్రశ్నలు వేయరాదు. వారి కూలి ఆ వేగము మీదనే ఆధారపడియున్నది. ఊరక చూచి వచ్చినను ఒక్క మొక్కయైన కొనుట మంచి మర్యాద.

మొక్కను ఎంచుట

ఇక కొనునపుడు కన్ను చెదరరాదు. విదేశములనుండి వచ్చిన తాళజాతులు, వంకర మొదలుగల పెద్ద వృక్షములు వేల రూపాయలకు అమ్ముడుపోవుచుండును. అవి పట్టణములలోని భవనములకు తగినవి. మన పెరటికి వానితో పని లేదు. త్వరగా పెరుగునని పేరుపొందిన కోనోకార్పసు మొక్కను బాటల వెంట నాటి పలు పట్టణములవారు పశ్చాత్తాపపడిరి. ఆరోగ్యమునకు, పరిసరములకు హాని కలుగునని 2023లో గుజరాతు ప్రభుత్వము దానిని నాటుట నిషేధించినది. వేగముగ పెరుగుట యొక్కటియే గుణము కాదు.

పండ్ల మొక్కను కొనునపుడు ఐదు పరీక్షలు చేయుడు. మొదటిది, అతుకు నునుపుగా కలిసియున్నదా? కట్టిన పట్టీ బిగిసి కాండమును కోయుచున్నదా? రెండవది, అతుకు క్రింద మొలకనుండి చిగుళ్లు వచ్చినవా? అట్టి చిగుళ్లను పెరుగనిచ్చిన పైకొమ్మ చచ్చి నాటుచెట్టే మిగులును. మూడవది, సంచి అడుగున వేరు బయటకు పొడుచుకొనివచ్చి నేలలోనికి దిగినదా? దిగిన మొక్కను పెఱికినపుడు ఆ వేరు తెగును, నాటినపుడు మొక్క బెంగగొనును. చిన్న సంచిలో ఏండ్లతరబడి ఉండి వేరు చుట్టలు చుట్టుకొన్న మొక్క కూడ పనికిరాదు. నాలుగవది, ఆకు అడుగున పిండినల్లి, పొలుసుపురుగు ఉన్నవేమో త్రిప్పి చూడవలెను. పురుగును ఊరికి బండిమీద తెచ్చుకొనరాదు. ఐదవది, రకము పేరు వ్రాసి రసీదు పుచ్చుకొనవలెను. ఉద్యాన నర్సరీలు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని మన రాష్ట్రమున చట్టము కలదు. కాపు వచ్చినపుడు గాని రకము తేలదు కావున ఆ రసీదును పొలము కాగితములతోపాటు భద్రపరచవలెను.

ఎత్తుగానున్న మొక్కయే మంచిదనుకొనుట పొరపాటు. నడుమెత్తున్న గట్టి మొక్క తలయెత్తున్న సన్నని మొక్కకంటె త్వరగా నిలదొక్కుకొనును.

ఒండ్రుమట్టి బిడ్డకు నల్లరేగడి పుట్టినిల్లు కాదు

ఈ విషయమున ఈ వ్యాసకర్త తన తెలివితక్కువను దాచక చెప్పుట మేలు. కొన్నియేండ్ల క్రిందట ఇరువది మామిడి అంట్లు తెచ్చి, శ్రావణమాసపు వానలలో, పల్లపు రేగడిచెక్కలో నాటుట జరిగినది. మొక్కలు మంచివే. నెలదినములు పచ్చగానే యుండినవి. ఆశ్వయుజపు వానకు మడిలో నాలుగు దినములు నీరు నిలిచినది. దీపావళినాటికి పదునాలుగు మామిడులు ఎండినవి. మిగిలినవి వేసవిలో నేల పగిలినపుడు పోయినవి. అదే దినమున గట్టుమీద నాటిన రెండు సపోటాలు, కాలువ ప్రక్కన నాటిన ఒక నేరేడు మాత్రము నేటికిని కాయుచున్నవి. తప్పు మొక్కది కాదు, అమ్మినవారిది కాదు. చోటును ఎఱుగక నాటిన చేతిది.

నల్లరేగడి గుణము రైతులకు తెలియనిది కాదు. వానకు ఉబ్బి జిగురగును, నీటిని త్వరగా దిగనీయదు. ఎండకు కుంచించి, చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. నీరు నిలిచినపుడు వేరు ఊపిరాడక కుళ్లును. నేల పగిలినపుడు లేతవేరు తెగును. పైగా మన రేగళ్లలో సున్నము పాలు ఎక్కువ. అందువలన నిమ్మ, జామ వంటి మొక్కలకు ఇనుము అందక, ఈనెలు పచ్చగానుండి ఆకు పసుపగును. కాబట్టి నాటకముందు మట్టిని పరీక్ష చేయించుట, రైతు సేవా కేంద్రమునందో ఉద్యానశాఖ అధికారివద్దనో సలహా తీసికొనుట అవసరము. లాంలోని పరిశోధన కేంద్రములవారు మన మెట్టపైరుల మాట బాగుగా ఎఱిగినవారు.

ఏ చెట్టు ఎచ్చట? నీరు నిలుచు పల్లమునకు, కాలువగట్టునకు నేరేడు తగినది. సున్నపు నేలను, ఉప్పునేలను ఓర్చుకొనుటలో ఉసిరి, రేగు, మారేడు గట్టివి. వెలగ, సీమచింత, చింత, వేప, కానుగ మన రేగడికి పాతకాపులు. పెరటిలో మునగ, కరివేప, జామ, దానిమ్మ పెట్టవచ్చును. సపోటా మెరకగా, నీరు జారిపోవుచోట రేగడిలో కూడ బ్రతుకును. మామిడికి ఎఱ్ఱచెలక, ఇసుక కలిసిన నేల ప్రశస్తము. లోతైన పల్లపు రేగడిలో దానికై ధనము వెచ్చింపరాదు. గంగరావి చక్కని నీడచెట్టే కాని ప్రత్తి కుటుంబమునకు చెందినది. ప్రత్తిని పట్టు పురుగులకు ఆశ్రయమగును గనుక ప్రత్తిచేని గట్టున దానిని నాటరాదు.

నీడ మాటయు చెప్పవలెను. మిరప, ప్రత్తి పొలములో నుండు చలికాలమున సూర్యుడు దక్షిణముగ నడచును. అందుచే చెట్టు నీడ ఉత్తరమునకు పడును. పొలమునకు ఉత్తరపు గట్టున నాటిన, నీడ తన పైరుపై పడదు. ఆవల డొంకయో, కాలువయో, బాటయో ఉన్నచోట ఇది మిక్కిలి మేలు. ఆవల పొరుగువాని పొలమున్న యెడల అతనితో ముందుగా మాటలాడుకొనవలెను. చెట్టు పేర తగాదా పెంచుకొన్నచో గొడ్డలితోగాని అది తీరదు.

నాటు విధము, మూడేండ్ల దీక్ష

వేసవిలోనే గుంటలు త్రవ్వి ఎండకు వదలవలెను. పెద్ద చెట్లకు పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు ఉండవలెను. పైమట్టికి ఎఱ్ఱమట్టియో ఇసుకయో కలిపి, 50 కిలోల చివికిన పశువుల ఎరువు, 2 కిలోల సూపరు ఫాస్ఫేటు చేర్చి నింపవలెను. నేల మట్టమునకు నింపి ఊరకుండరాదు. రేగడిలో గుంటపై జానెడెత్తు దిబ్బ పోసి, ఆ దిబ్బమీద నాటవలెను. అప్పుడు నీరు మొదట నిలువదు. సంచికి రంధ్రము లెందుకన్న ప్రశ్నకు కడియములో విన్న జవాబును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఎఱ్ఱచెలకలలో తొలకరికి నాటవచ్చును. బరువైన రేగడిలో భారీ వర్షములు వెనుకబట్టిన పిమ్మట, నేలలో తేమయున్నపుడు నాటుట క్షేమము. సాయంకాలము నాటవలెను. సంచిని చింపి తీసివేయవలెనే గాని మట్టిగడ్డను చిదుపరాదు. అతుకు నేలపైన జానెడెత్తున ఉండవలెను. గాలికి కదలకుండ కఱ్ఱ పాతి కట్టవలెను. మామిడి, సపోటాలకు 10 మీటర్ల ఎడము ఇచ్చిన ఎకరమునకు 40 మొక్కలు పట్టును. జామకు 6 మీటర్ల ఎడమైన సుమారు 110 పట్టును.

నాటుట ఒక్కపూట పని, బ్రతికించుట మూడేండ్ల పని. వేసవిలో వారమునకు రెండుసార్లు, తడవకు రెండు బిందెలు పోయుడు. పది మొక్కలకు వారమునకు నలువది బిందెలగును. పండ్రెండు వారముల వేసవికి 480 బిందెలు. ఈ లెక్క వేసికొని, మోయగలిగినన్ని మొక్కలే కొనుడు. వంద నాటి పది దక్కించుకొనుటకంటె పది నాటి పదియు దక్కించుకొనుట మేలు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప మన మెట్ట గ్రామములలో చాలవానికి నీటివసతి కలిగినది. కాని వేసవిలో కాలువ కట్టివేయుదురు. కావున బావిగాని, బోరుగాని, చెరువుగాని దగ్గర నుండవలెను.

మొక్క మొదట చొప్ప, వరిగడ్డి, ఎండుటాకులు కప్పిన తేమ నిలిచి నెఱ్ఱెలు తగ్గును. ప్రత్తికట్టె మాత్రము కప్పరాదు. గులాబిరంగు కాయతొలుచు పురుగు దానియందు దాగి మరుసటి పైరును పట్టును. ప్రక్క చేలో కలుపుమందు కొట్టునపుడు గాలివాటు చూచుకొనవలెను. ఆ మందు తుంపర తగిలిన లేతమొక్క ముడుచుకొని పోవును. మేకలనుండి ముళ్లకంప కాపాడును. పొరుగువాని మేకలనుండి ముళ్లకంపతోపాటు పొరుగువానితో స్నేహము కూడ కాపాడును.

ఊరికొక తోట

కడియమునకు పోయివచ్చు ఖర్చు ఒక కుటుంబమునకు బరువు కావచ్చును. ఊరిలో ఇరువదిమంది కలిసి ఒక బండి కుదుర్చుకొన్న తలకు స్వల్పమే పడును. స్వయంసహాయక సంఘములోని స్త్రీలను తప్పక వెంట తీసికొనిపోవలెను. మొక్కకు నీరు పోయుచేతులు ఎక్కువగా వారివే. పాఠశాల ఉపాధ్యాయుని, పెద్ద తరగతుల విద్యార్థులను కూడ పిలువవలెను. తిరిగివచ్చునపుడు ఒక్కొక్కరు ఐదారు మొక్కలు తెచ్చుకొన్న ఊరికి నూరు మొక్కలగును. ఎవరి మొక్క ఎచ్చట నాటిరో, ఎన్ని బ్రతికెనో ఒక పుస్తకములో వ్రాసి, ఏడాదికొకసారి సభలో చదివిన మంచిది. సిగ్గుకైన నీరు పోయుదుము.

భూవసతి గల ఆసామి ఒక్కడు అర ఎకరమైన తోటకు విడిచి, కార్తికమాసమున తడిక తీయుదునని మాట ఇచ్చినచో ఊరివారందరును ఆ తోటను కంటికి ఱెప్పవలె కాచుదురు. భూమి లేనివారికి చెరువుగట్టు, పాఠశాల ఆవరణము, శ్మశానపు బాట కలవు. పంచాయతీ అనుమతితో అచ్చట నాటిన ఉసిరి, నేరేడు, చింత ఊరందరి సొత్తు.

నేడు నాటిన ఉసిరి అంటు నాలుగైదేండ్లకు కాపునకు వచ్చును. ఆ యేటి కార్తికమున మిరపచేలోనుండి వచ్చిన తల్లి ఆ చెట్టు నీడను కూర్చుండి అన్నపుగిన్నె విప్పుకొనును. కడియపులంక తోటలు చూడవచ్చినవారికి వాకిలి తెరచి యిచ్చు పాఠము ఇంతమాత్రమే. పెంచినవాడు కొంత, చూచినవాడు కొంత నేర్చుకొని, తడికలు లేని పచ్చదనమును ఊరూరికి చేర్చవలెను. ఈ తొలకరికి ముందే గుంట త్రవ్వుడు. మిగిలినది మొక్కయే నేర్పును.